ఇంటామె పోసిన చాయ్

నిన్న పొద్దున మా ఫ్లాస్కు మూత సరిగా బిగియలేదు. చాయ్ చల్లారిపోతుందని దాని చుట్టూ నా ఉన్ని శాలువా చుట్టి పెట్టాను. కాసేపటికి వేడెక్కిన ఉన్ని వాసన వంటిల్లంతా పరచుకుంది. ఆ వాసన తగలగానే చేస్తున్న పని ఆపి పీట మీద కూర్చుండిపోయాను. ఉన్నికీ చాయ్‌కీ ఏం సంబంధమని మీరు అడగొచ్చు. మీరు శకుంతల మేడంను చూడలేదు కాబట్టి అడుగుతారు. ఆమె ఇంట్లో చాయ్ కెటిల్‌కు మంకీ టోపీ తొడిగేవారు. నవ్వకండి, నిజంగానే తొడిగేవారు.

తొంభైల చివర్లో మేడ్చల్‌లో ఒక చిన్న మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నొప్పుల మలాం ట్యూబులను అట్టపెట్టెల్లో పెట్టి మూత వేయడం మా పని. శకుంతల మేడం స్టోర్స్ ఇన్‌చార్జి. పొడుగు మనిషి, దళసరి కళ్ళద్దాలు, నడుముకు తాళాల గుత్తి. ఆమె సంతకం లేనిదే మేనేజరుకైనా స్టోర్స్ లోంచి అంటుటేపు చుట్ట ఒక్కటి బయటికి వచ్చేది కాదు. ఆమె అడుగుల చప్పుడు వింటే చాలు, మేమంతా గప్‌చుప్.

మాకు చాయ్ విరామం పది నిమిషాలు. గేటు దగ్గర నిలబడి, పొగలు కక్కుతున్న చాయ్‌ని రెండు గుక్కల్లో మింగి పరుగెత్తేవాళ్ళం. చేరిన నెలలోపే ఒకరోజు అట్లా మింగబోయి నాలుక కాల్చుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక మేడం నిలబడి ఉన్నారు.

“ఏం పిల్లా, చాయ్ తాగుతున్నవా, మందు మింగుతున్నవా?”

చాయ్ గ్లాసు వెనక్కి దాచుకున్నాను.

“పేరేంది?”

“భాగ్య, మేడం.”

“శనివారం ఒంటిపూటే గద. డ్యూటీ దిగినంక మా ఇంటికి రా. కూసోని తాగుదువు గాని.”

ఏదో తిట్టడానికే పిలుస్తున్నారనుకున్నాను. శనివారం దాకా అన్నం సహించలేదు. తీరా వెళ్ళి చూస్తే మా సెక్షన్ విజయ, పుష్ప అక్కడ ముందే కూర్చుని ఉన్నారు. బస్సు డిపో వెనక రెండు గదుల అద్దె ఇల్లు. ముందుగదిలో బల్ల, దాని మీద ఇస్త్రీ చేసిన తెల్లబట్ట, ఒకదానికొకటి పోలికలేని ఆరు కప్పులు, సాసర్లు. మధ్యలో గోధుమరంగు మంకీ టోపీ పెట్టుకుని అల్యూమినియం కెటిల్. టోపీ ముఖం ఉండే చోట నుంచి కెటిల్ ముక్కు బయటికి వచ్చి ఉంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే విజయ నా పక్కలో పొడిచింది.

“గట్ల సూడకు. మా కెటిల్ తాతకు సలి వెడ్తది.”

మేడం తండ్రికి సికింద్రాబాద్ లష్కర్‌లో పాతకాగితాల దుకాణం ఉండేదట. కంటోన్మెంటు బంగళాల వాళ్ళు ఇళ్ళు ఖాళీ చేస్తూ పుస్తకాలను కిలోల లెక్కన అమ్మిపోతే, అట్ట బాగున్నవాటిని ఆయన పొట్లాలకు చింపకుండా బిడ్డ కోసం పక్కన పెట్టేవాడు. అన్నీ పాత ఇంగ్లీషు నవలలు. ఆ పుస్తకాల మీదే మేడం ఇంగ్లీషు నేర్చుకున్నారు. భర్త పెళ్ళయిన కొన్నేళ్ళకే పోయాడు, పిల్లలు లేరు. ఆ నవలలే ఆమెకు చుట్టపక్కాలు. అందులోని దొరసానులు సాయంత్రం నాలుగింటికి ఏం తిన్నారో, ఎవరెవరిని పిలిచారో, ఎవరు అలిగి కప్పు పక్కన పెట్టారో అన్నీ పక్కింటి ముచ్చట్లలాగా చెప్పేవారు.

“గీ పుస్తకాలల్ల కత్తులు తక్కువ, కప్పులెక్కువ. పెండ్లి సంబంధాలు, కొట్లాటలు, మాఫీలు, అన్ని చాయ్ కాడనే తెగుతయి” అనేవారు.

అయితే అసలు ఇంగ్లీషు వాళ్ళ చాయ్ ఎట్లా ఉంటుందో ఆమె కూడా చూసింది లేదు. చదివి ఊహించుకున్నదే. కెటిల్‌కు ఉన్ని తొడుగు వేస్తారని చదివారు, ఇంట్లో ఉన్న ఉన్ని మంకీ టోపీ ఒక్కటే. ఏదో చిన్న రొట్టెను మధ్యకు విప్పి మీగడా జామూ పెట్టుకుంటారని చదివారు, ఆ రొట్టె ఏమిటో తెలియక మేడ్చల్ బేకరీ బన్ను తెచ్చి, పాలామె దగ్గరి గేదెమీగడ పూశారు. కీరదోసకాయను కాగితమంత పలచగా కోసి, ఉప్పూ మిరియాలూ చల్లి బ్రెడ్డు మధ్య పెట్టి, అంచులు కోసేసేవారు. “ఆ అంచులే గద మేడం మంచిగుండేది” అని విజయ ఏడ్చేది. పాలు వేరే, డికాషన్ వేరే పోసి కలిపిన ఆ చాయ్ మొదటిసారి తాగినప్పుడు నాకు కుడితి గుర్తుకొచ్చింది. అబద్ధమెందుకు, రెండోసారి కూడా గుర్తుకొచ్చింది. నాలుగోసారికి అలవాటైంది.

నాకు నచ్చింది చాయ్ కాదు. కెటిల్ పట్టుకుని ఆమె నా వైపు తిరిగి, “పాలెన్ని? చక్కెరెంత?” అని అడిగేవారు. అడిగి ఆగేవారు. అప్పటిదాకా నా బతుకులో ఎవరూ నన్ను అట్లా అడగలేదు. మొదటిరోజు నాకు ఎంత చక్కెర కావాలో నాకే తెలియక తెల్లముఖం వేశాను. “సోంచాయించుకో, ఏం తొందర లేదు” అన్నారు. నన్ను హడలగొట్టే మనిషి, నా రెండు చెంచాల చక్కెర కోసం ఎదురు చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఒక అధ్యాయం చదివి మన భాషలో చెప్పేవారు. “అంత పెద్ద బంగ్ల ఉంది, గీ పిల్లకు ఇగ ఫికరేంది?” అని పుష్ప అడ్డం తగిలేది. “బంగ్ల ఉన్నోళ్ళకే ఎక్కువుంటది ఫికరు” అని మేడం పేజీ తిప్పేవారు.

మూడో నెలలో ఆమె కొత్త పద్ధతి పెట్టారు. “పుస్తకాలల్ల ఎప్పుడు ఒక్కరే పిలువరు. ఇయ్యాల నేను పిలిస్తే, వచ్చే నెల మీరు పిలువాలె. ఇంకో మాట. ఎవరింట్ల కూసుంటే ఆ ఇంటి పెద్దామెనే చాయ్ పొయ్యాలె. ఇంటామె పొయ్యంది మనం ముట్టేది లేదు.” గుండ్లపోచంపల్లిలో పుష్ప వాళ్ళ ఒక్కగది ఇంట్లో ఆమె అత్త పోసింది. గండిమైసమ్మ దగ్గర విజయ వాళ్ళ అమ్మ పోసింది. పదిమందికి వండి వడ్డించి వంటింట్లోనే తినే మనిషి, మేడం పక్కన కుర్చీలో కూర్చుని చాయ్ పోస్తూ సాసరు నిండేదాకా చూసుకోలేదు. మేడం ఆ సాసరులోది కూడా తాగారు.

ఇక మిగిలింది నేను. వాళ్ళను మా ఇంటికి పిలవడానికి నాకు మనసొప్పలేదు.

ఎందుకో చెప్పాలి. మాది శామీర్‌పేట. మా బాపు చెరువులో చేపలు పడతాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నన్ను పెంచింది అవ్వ, మా బాపు తల్లి. అవ్వ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మేది. ఆ చేపల మీదే నేను పదో తరగతి దాకా చదివాను. కంపెనీలో చేరిన కొత్తలో ఒకరోజు మధ్యాహ్నం నా డబ్బా మూత తీయగానే విజయ ముక్కు మూసుకుంది. “అబ్బ, ఎవరిదే గిది? శాపల కంపు!” అని అరిచింది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. విజయ మనసులో ఏమీ ఉండదు, నోరే అంత. అయినా నాకు తల కొట్టేసినట్లయింది. “మా పక్కింటోళ్ళిచ్చిండ్రు” అని మూత పెట్టేశాను. అక్కడితో ఊరుకున్నానా? “మరి మీ బాపు ఏం జేస్తడు?” అని అడిగితే, “జింకల పార్కుల గార్డు” అన్నాను. ఖాకీబట్టలు కూడా తొడిగాను మా బాపుకు. ఒక్క అబద్ధం ఆడితే దాన్ని కాయడానికి వంద ఆడాలంటారు, నేను వందకు దగ్గరగానే ఉన్నాను.

రెండు నెలలు తలనొప్పి అనీ, నల్లా రావడం లేదనీ దాటేశాను. మూడోసారి మేడం, “నీళ్ళు మేమే తెచ్చుకుంటం తియ్యి” అనేసరికి ఒప్పుకోక తప్పలేదు.

ఆ గురువారం అవ్వతో అన్నాను. “అవ్వా, శనివారం నువ్వు తుర్కపల్లి అత్త కాడికి పో.”

“ఎందుకే?”

“నా దోస్తులొస్తాండ్రు. మా మేడం గూడ వస్తాంది.”

అవ్వ ముఖం వెలిగింది. “వస్తే రానీ! రవ్వశాప ముక్కలేంచి పెడ్త” అంది. నా ముఖం వైపు కాసేపు చూసింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. “సరే తియ్యి బిడ్డా. నా ఒంటికి ఎంత కడిగినా వాసన పోదు” అంది.

కాదనాల్సింది. ఒక్క మాట, “గదేం లేదవ్వా” అని ఉంటే సరిపోయేది. నేను అనలేదు.

శనివారం అవ్వ పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, చిన్న మూట పట్టుకుని వెళ్ళిపోయింది. బాపు చేపలు తీసుకుని బజారుకు పోయాడు. నేను డ్యూటీకి సెలవు పెట్టి ఇల్లంతా ఫినాయిలు పోసి కడిగాను. వలలు తీసి వెనకింటి వాళ్ళ కొట్టంలో పడేశాను. గంప, తక్కెడ, చేపలు కోసే కత్తిపీట గోనెసంచీలో మూటగట్టాను. గదికి నాలుగు మూలలా ఊదుబత్తులు వెలిగించాను. కీరదోస కోశాను, బన్నులు విప్పాను, అడిగి తెచ్చుకున్న కప్పులు సర్దాను. ఇంటామె ఏదని మేడం అడిగితే, ఊరికి పోయింది, అత్తకు జ్వరం, అని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

మూడున్నరకు ముగ్గురూ వచ్చారు. విజయ చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది. “ఇదేం గుడా ఏందే, గిన్ని ఊదుబత్తులు?” కూర్చున్నారు. నేను కెటిల్ తెచ్చి బల్ల మీద పెట్టాను. మేడం నిదానంగా అడిగారు, “మీ ఇంట్ల పెద్దామె ఎవరు?”

“మా అవ్వ, మేడం. ఊరికి పోయింది. మా అత్తకు జెరమొచ్చింది.”

గడగడా అప్పజెప్పాను. అప్పుడే పుష్ప గోడ దగ్గరికి వెళ్ళి అక్కడున్న ఫోటో చూస్తోంది. జాతరలో తీయించిన ఫోటో. అవ్వ చంకలో నేను. ఇల్లంతా మాయం చేసిన నేను ఆ ఒక్కటి మరిచిపోయాను.

“మేడం, గీ అవ్వనే గద మనకు తొవ్వ జెప్పింది?” అంది పుష్ప.

విజయ లేచి చూసింది. “ఔ! గామెనే. బస్‌స్టాప్ కాడ మూట పట్టుకోని కూసున్నది. భాగ్య వాళ్ళిల్లు యాడ అంటే లేచొచ్చి మూలమలుపు దాంక చూపెట్టింది.” అని ఫోటో వైపే చూస్తూ, గొంతు తగ్గించి, “గా పిల్ల బంగారం, పోండ్రి అమ్మా, అన్నది. మీరేమైతరవ్వా అనడిగిన. గీ ఊరిదాన్నే అన్నది” అంది.

కాళ్ళ కింద నేల చీలితే బాగుండునని మన పెద్దలు ఊరికే అనలేదు. మేడం నన్ను ఒక్క మాట అడగలేదు. లేచి చీర సర్దుకుని, “పోదాం పాండ్రి” అన్నారు. ఇంటికి పోదామంటున్నారనుకున్నాను. ఆమె బస్‌స్టాప్ వైపు నడిచారు. విజయ, పుష్ప వెనక. అందరికంటే వెనక నేను, కాళ్ళీడ్చుకుంటూ.

అవ్వ అక్కడే ఉంది, షెడ్డు కింద సిమెంటు తిన్నె మీద, ఒళ్ళో మూట పెట్టుకుని. తుర్కపల్లి మీదుగా కరీంనగర్ పోయే బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె దేన్నీ చూడటం లేదు. మమ్మల్ని చూసి గాబరాగా లేచింది.

“అవ్వా, ఇంట్ల చాయ్ సల్లారుతాంది. మీరు రాకుంటె పోసేదెవరు?” అన్నారు మేడం.

“నేనెందుకమ్మా? నేను ఆళ్ళింటిదాన్ని గాదు” అంది అవ్వ. నా వైపు చూడకుండా అంది. నాకిచ్చిన మాట నిలబెట్టడానికి, నడి బస్‌స్టాప్‌లో, తను పెంచిన పిల్ల ముందు, ఆ ఇంటిదాన్ని కాదని చెప్పింది.

మేడం నా వైపు తిరిగారు. కోపం లేదు ఆ ముఖంలో. ఎంత చక్కెర అని అడిగేటప్పటి ముఖమే.

“ఈమె ఎవరు భాగ్యా?”

అడిగి ఆగారు. బస్సొకటి వచ్చి ఆగింది. కండక్టరు ఊరి పేర్లు అరిచాడు. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. బస్సు కదిలింది. అప్పటికి నా నోరు పెగిలింది.

“మా అవ్వ, మేడం. నన్ను సాకింది ఈమెనే. శాపలమ్ముతది. మా బాపు గార్డు గాదు, శెర్ల శాపలు పడ్తడు. ఆ రోజు డబ్బల కూర అవ్వ వండిందే.”

చెప్పి భోరుమన్నాను. అవ్వ కొంగుతో నా ముఖం తుడిచింది. “ఏడువకే పిచ్చిదానా, నలుగుర్ల. నీ దోస్తుల్ని దూరంకెల్లి సూస్తే ఏమైతదని పొద్దటిసంది గీడనే కూసున్న. తొవ్వ అడుగుతరని నేననుకున్ననా?” అంది. ఆ కొంగుకు చేపల వాసనే వచ్చింది. దాన్ని వదలబుద్ధి కాలేదు. పక్కన విజయ కూడా ఏడుస్తోంది, నాకంటే గట్టిగా. నోరెంతో మనసంత.

ఇంటికొచ్చాక అవ్వ పోసింది చాయ్. కెటిల్‌లోది చూసి, “గిది చాయా, కుడితా?” అని తీసుకెళ్ళి పాలతో కలిపి పొయ్యి మీద మళ్ళీ మరిగించింది. మేడం నవలల్లో ఏ దొరసానీ అంత తెగువ చేసి ఉండదు. చక్కెర ఎంత అని ఎవరినీ అడగలేదు, తలా మూడు చెంచాలు వేసింది. నేను ఆపబోతే మేడం కళ్ళతోనే వద్దన్నారు. తర్వాత గోనెసంచీ విప్పించి, వెనకింట్లో దాచిన రవ్వచేప తెప్పించి, ముక్కలు వేయించింది. పొద్దున తుర్కపల్లికని బయల్దేరుతూ కూడా అవ్వ నా దోస్తుల కోసమని చేప దాచిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. కీరదోస బ్రెడ్డు ఎవరూ ముట్టలేదు. విజయ ఐదు ముక్కలు తిని, “అవ్వా, భాగ్య డబ్బల రేపటిసంది నాకు గూడ వెట్టు” అంది.

పోయేటప్పుడు ఆటో ఎక్కుతూ మేడం నన్ను దగ్గరికి పిలిచారు. “నువ్వు చెప్పకపోయుంటె నేను రెండోసారి అడిగేదాన్ని గాదు. మీ అవ్వకు దండం పెట్టి పోయేదాన్ని. మళ్ళ నిన్ను చాయ్‌కి పిలిచేదాన్ని గాదు” అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. అయినా సోమవారం ఆమె నన్ను మామూలుగానే పలకరించారు, మామూలుగానే తిట్టారు.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆ శనివారాలు నడిచాయి. అవ్వ ఎన్నోసార్లు మేడం ఇంటికి వచ్చింది. ఇంగ్లీషు దొరసానుల కథలు విని, “ఆ పిల్లకు బుద్ధి లేదు, పోరనికి సిగ్గు లేదు” అని తీర్పులు చెప్పేది. మేడం ఆ తీర్పులను పుస్తకం మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకునేవారు. ఆమె నాకు స్టోర్స్ రిజిస్టరు రాయడం నేర్పారు, డిగ్రీకి దూరవిద్యలో కట్టించారు. తను రిటైరయ్యే రోజు తాళాల గుత్తి నా చేతిలో పెట్టారు. రిటైరయిన మరుసటి ఏడు వర్షాకాలంలో నాలుగు రోజుల జ్వరంతో ఆమె పోయారు. అవ్వ ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు.

ఇద్దరిలో ఎవరూ ఆ బస్‌స్టాప్ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి తిడితే నాకు కొంత తేలికయ్యేదేమో. నేను చివరికి నిజం చెప్పానని విజయ ఇప్పటికీ మెచ్చుకుంటుంది. నిజమే, చెప్పాను. కానీ మేడం అడిగిన తర్వాత ఒక బస్సు వచ్చి, ఆగి, మనుషులను దింపి, ఎక్కించుకుని వెళ్ళిపోయింది. అంతసేపు పట్టింది నాకు. అంతసేపూ అవ్వ నా నోటివైపే చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఎవరైనా మీవాళ్ళేం చేసేవాళ్ళని అడిగితే, వాళ్ళ ప్రశ్న పూర్తికాకముందే, మా అవ్వ చేపలమ్మేది అని చెప్పేస్తాను. అంత తొందరెందుకో వాళ్ళకు అర్థం కాదు. ఎంత తొందరగా చెప్పినా ఆ రోజు అవ్వను నిలబెట్టిన ఆలస్యం తీరదని నాకు తెలుసు.